సున్నం గీత

గోడ మీద పేర్లు రాయిస్తారట.
లంగరు క్లబ్బుకి అరవై ఏళ్ళు నిండాయని
పెయింటరు నిచ్చెనేసుకుని కూచున్నాడు.
"సింహాద్రీ, నువ్వే చెప్పాలి,
రిజిస్టరు హుద్‌హుద్ గాలికి పోయింది కదా" అంటున్నారు.
రిజిస్టరే కాదు, గోలుపోస్టూ పోయింది.
మూడో రోజు జ్ఞానాపురం కాలవలో దొరికింది,
వలలో ఎవరిదో నీలం చీర చిక్కుకుని.

నేను ఆటగాణ్ణి కాను.
నలభై ఏడేళ్ళుగా సున్నం గీతలు గీస్తున్నవాణ్ణి.
నాకు ముఖాల కన్నా ముందు కాళ్ళు గుర్తొస్తాయి.

సరే, రాసుకో.

గరికిన ఎల్లాజీ. గోలీ.
తెల్లారగట్ల వేటకెళ్ళి
తెప్ప మీంచి తిన్నగా గ్రౌండుకొచ్చేవాడు,
చేతుల నిండా కవళ్ళ పొలుసులు.
ఎండ పడితే గోలు ముందు రెండు అద్దాలు మెరిసేవి.
బంతి పట్టి ఓసారి వాసన చూసేవాడు.
అడిగితే,
"తాజాదో కాదో చూడొద్దేటి?"

మెల్విన్ డిక్రూజ్, లోకో షెడ్డు.
రాయపూర్ పాసింజరు ఆలస్యం కావచ్చు,
మెల్విన్ పాసు కాదు.

మా జెర్సీ రంగు ఎవరూ ఎంచలేదు.
తెల్లవి కుట్టించి తీగ మీద ఆరేస్తే
పోర్టు నుంచి ఇనుప రాయి ధూళి వచ్చి కూచుంది.
సత్తెమ్మ మూడుసార్లు బండకేసి బాదింది.
నాలుగోసారి
"ఇదే మీ రంగు, పొండి" అని విసిరేసింది.
సత్తెమ్మ పేరు రాస్తావా?
చోటు లేదనకు. చెయ్యి.

ఇప్పుడు కొంచెం పెద్దక్షరాలు.
ఖాదర్ మాస్టారు. కోటవీధి దర్జీ.
మెడలో టేపు తియ్యకుండానే కోచింగు.
"గ్రౌండు గుడ్డలాంటిది నాయనా,
లాగితే పెరగదు.
కత్తెర పెట్టే ముందు చూసుకో."
ఖరగ్‌పూర్ వాళ్ళు మాకు ఏడు గోళ్ళు కొట్టిన మర్నాడు
చొక్కాకి ఏడు గుండీలూ తెంపేసుకుని వచ్చాడు.
ఒక్కడూ నవ్వలేదు.
మేం ఒక్కో మ్యాచ్ గెలిచినప్పుడు
టచ్‌లైను పక్కన కూచుని ఒక్కో గుండీ కుట్టుకునేవాడు.
మెడ దగ్గర గుండీ పడేసరికి డిసెంబరు వచ్చింది.
ఆయన దగ్గు కూడా వచ్చింది.

దమయంతి టీచరు వచ్చినప్పుడు మాత్రం నవ్వారు.
చీర కొంగు బిగించి, విజిలు పళ్ళ మధ్య పెట్టి
ఆ నవ్విన వాళ్ళందర్నీ
ఆర్కే బీచి తడిసిన ఇసకలో పరిగెత్తించింది.
"బంతి ఎక్కడికీ పోదు. తలెత్తు" అనేది.
తలెత్తితే
యారాడ కొండ, ఓడలు, ఖాళీగా ఉన్న మనిషి కనిపించేవాళ్ళు.
రెండు కప్పులు అలా వచ్చాయి.

ఆఖర్న సూరాడ పోలారావు.
ఎడమ చేత్తో ముద్ద కలిపితే వాతలు పెట్టిన ముసల్ది
ఫైనలు రోజుల్లో మాత్రం
వాడి ఎడం కాలికి పసుపు రాసి పంపేది.
ఎనభై ఆరు ఫైనలు నువ్వు వినే ఉంటావు.
రైల్వే వాళ్ళ ముగ్గురి మధ్య నుంచి,
గీతంటుకుని, ఆ పరుగు.
బంతి బయటికి పోయిందని వాళ్ళు అరిచారు.
రిఫరీ వంగి చూశాడు. సున్నం మీదే ఉంది.
గోలు.

ఇది రాయొద్దు, విను.
ఆ పొద్దున్న గీత గీస్తుంటే
నా పక్కనే పోలారావు నడుస్తున్నాడు,
రాత్రి ఇంట్లో కొలిమీద పెట్టడానికేం లేదని చెబుతూ,
నవ్వుతూనే.
నేను వాడి ముఖం చూశాను.
గీత రెండంగుళాలు బయటికి పోయింది.
నీళ్ళతో చెరిపి మళ్ళీ గీయాల్సింది.
గీయలేదు. ఎండ ఎక్కేస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్న కొత్త బ్యాచీలో ఓ గుంట,
మైలపల్లి వాళ్ళ పిల్ల, పదేళ్ళుండవు,
బంతి చంకలో పెట్టుకుని అడిగింది:
"తాతా, ఇక్కడ గీత వంకరెందుకుందీ?"
అంటే ఇన్నేళ్ళూ నా చెయ్యి
ఆ చోటికొస్తే అలాగే తిరుగుతోందన్నమాట.

నీ నిచ్చెన జాగ్రత్త, కింద ఇసక.
నే వెళ్తా.
రేపు ఆరింటికి ఆట ఉంది,
సున్నం ఇప్పుడే నానెయ్యాలి.